తోక తెగిన మాట

ఫిబ్రవరి 9

ఇవాళ నా గొంతు నాకే వినిపించారు. ఇది నాది కాదన్నాను. "మీదేనండీ, కాస్త కడిగాం అంతే" అన్నాడు చెక్కుడు. కడిగారట. నేనేమన్నా ఎంగిలి గ్లాసునా?

అతనికి ఆ పేరు నేనే పెట్టాను, మనసులో. నా మొదటి ఆల్బం అతని చేతుల్లో ఉంది. నోరు తెరిస్తే "చెక్కుదాం" అంటాడు. ఇక్కడ చెక్కుదాం, అక్కడ చెక్కుదాం. మాటలు నావి, ట్యూన్లు నావి, గిటారు నాది. మిగిలిన సమస్తం చెక్కుడిది.

"మధ్యలో ఊపిరులు ఏవి?" అని అడిగాను.

"ఊపిరులు తీసేశామండీ. ఇప్పుడెవరూ ఉంచట్లేదు."

ఊపిరి తీసేస్తే ఏమవుతారో అతనికి తెలిసినట్టు లేదు. ఎనిమిది పాటల్లోనూ ఒక శవం శ్రుతి తప్పకుండా పాడుతోంది.

స్టూడియో ఒక సోఫాల దుకాణం కింద నేలమాళిగ. గోడలకి అతికించిన స్పాంజి ఒక మూల ఊడి వేలాడుతుంటుంది. తడిసి ఆరని తివాచీ వాసన. చెక్కుడు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకుని, మీటల బల్ల మీదే పెంకు ఒలుచుకుని తింటాడు. అవే వేళ్లతో నా గొంతు పెంచుతాడు, తగ్గిస్తాడు. మైకు ముందు గుండ్రంగా ఒక గుడ్డ తెర ఉంటుంది. ఎంతమంది ఉమ్మి తాగిందో ఆ గుడ్డ. దాని ముందు నోరు తెరిచి ప్రేమ గురించి పాడాలి.

ఫిబ్రవరి 12

కవర్ ఫోటో వచ్చింది. నా ముక్కు సన్నబడింది. ముక్కుకీ చెక్కుడే.

ఫిబ్రవరి 15

తొమ్మిదో పాటకి ట్యూన్ ఉంది, మాటలు లేవు. అలాంటప్పుడు నోటికొచ్చింది ఏదో ఒకటి పెట్టి పాడేస్తాం. దాన్ని డమ్మీ అంటాం. మంచి మాటలు దొరికాక డమ్మీ తీసి పారేస్తాం. ఒకసారి నేను కూరగాయల ధరలు పెట్టి విరహగీతం పాడాను, అందరూ ఏడ్చారు.

ఇవాళ నోటికొచ్చింది వేరు.

"చెప్పులు విప్పు, కాసేపు కూర్చో, పోకు.
చొక్కా గుండీ ఊడింది, కుట్టిస్తా, పోకు.
బయట వాన, పోకు."

ఎక్కడివో నాకు తెలుసు. బావ సంచీ పట్టుకుని వెళ్లిపోయిన మధ్యాహ్నానివి. అక్క గుమ్మం దగ్గర నిలబడి అన్నవి. నేను లోపలి గదిలో గిటారు ఒళ్లో పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. నాకేమీ వినపడలేదనే అక్క అనుకుంటోంది. అనుకోనీ. అప్పటినుంచి ఇద్దరం ఆ విషయం ఎత్తలేదు. అక్క కళ్లద్దాల షాపుకి వెళ్తుంది, వస్తుంది. ఆవిడ ఇంట్లో ఉంటున్నాను, ఆవిడ వండింది తింటున్నాను.

అక్క ఎప్పుడూ "వెళ్లకు" అనే మనిషి. ఆ రోజు "పోకు" అంది. వెళ్లకు అనేది మర్యాద. పోకు అనేది ఇక వేరే మాటేదీ దొరకనప్పుడు వచ్చేది.

అయినా ఇది అక్క గురించి కాదు. డమ్మీ.

అసలు మాటలు రాద్దామనే కూర్చున్నాను. నిశీథి, శూన్యం, రెక్కలు అని మూడు ముక్కలు రాసేసరికి నా మీద నాకే వెగటు పుట్టింది. "ఇంక వెతకొద్దు, డమ్మీయే పాట" అన్నాడు చెక్కుడు. ఒక్కసారే పాడాను. చివరి "పోకు" దగ్గర గొంతు చీలింది. గదిలోంచి బయటికొస్తే డ్రమ్మర్ తన బూట్ల వైపు చూస్తున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట ఇంకెక్కడా అనను.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఎవడో. ఆ సామెత ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు. నేను చుట్ట కాల్చను.

ఫిబ్రవరి 20

ఇంటిదాకా నడిచే వచ్చాను. కోపంతో.

తొమ్మిదో పాట విందామని వెళ్లాను. చెక్కుడు గుడ్డు నములుతూ మీట నొక్కాడు.

"చెప్పులు విప్పు, కాసేపు కూర్చో, పో."

ఏదో చెడిపోయింది అనుకున్నాను. మళ్లీ పెట్టమన్నాను.

"చొక్కా గుండీ ఊడింది, కుట్టిస్తా, పో. బయట వాన, పో."

"కు ఏది?" అన్నాను.

"ఏ కు?"

"పోకు లో కు."

"ఓ, ఆ తోకా! తీసేశానండీ. కు, డ్రమ్ము దెబ్బ, రెండూ ఒకే చోట పడి కొట్టుకుంటున్నాయి. కు తీసేస్తే దెబ్బ ఎంత శుభ్రంగా కూర్చుందో వినండి."

"అర్థం మారిపోయింది కదండీ!"

"ఏం మారింది?"

"పోకు అంటే ఉండమని. పో అంటే పొమ్మని."

అతను నమలడం ఆపి కాసేపు ఆలోచించాడు. అర్థం అతనికి నిజంగా ఇప్పుడే తెలిసింది. నెల రోజులుగా నా పాటల మీద కూర్చున్న మనిషి ఒక్క మాట కూడా వినలేదు. అతనికవి చప్పుళ్లు. క ఒక చప్పుడు, ప ఒక చప్పుడు.

"ఎలాగైనా వెళ్లేవాడు వెళ్తాడు కదండీ" అన్నాడు చివరికి.

డ్రమ్మును పక్కకి జరపమన్నాను. పాట కూలిపోతుందన్నాడు. నిజం మీద నిలబడని పాట కూలితే కూలనీ అన్నాను. కళాకారులం, ఉన్నది ఉన్నట్టు పాడాలి కదా అన్నాను. బాగా అన్నాను. అతని పెదవి మూల పచ్చసొన అంటుకుని ఉంది. దాన్నే చూస్తూ మాట్లాడాను.

ఫిబ్రవరి 21

అద్దం ముందు నిలబడి పోకు అన్నాను. పో అన్నాను. పోకు. పో. కాసేపటికి రెండూ చప్పుళ్లే అయ్యాయి. నాకు చెక్కుడు రోగం అంటుకున్నట్టుంది.

ఫిబ్రవరి 24

ఆల్బం తెస్తున్న కంపెనీ ఆఫీసు. ఎయిర్ ఫ్రెషనర్ కంపు, దాని కింద ఎవరిదో సాక్సు కంపు. మేడమ్ ప్రతిదానికీ "అబ్బ!" అంటుంది. టీ వస్తే అబ్బ, కుర్చీ జరిపితే అబ్బ. పాట విని కళ్లు మూసుకుంది.

"అబ్బ! ఏం కసి! బయట వాన, పో! గుండీ కూడా కుట్టిచ్చి మరీ గెంటింది చూడండి! ఎంత మర్యాదగా గెంటిందో!"

"మేడమ్, అది గెంటడం కాదు. అక్కడ ఒక అక్షరం..."

"ఆ అమ్మాయి కాళ్లావేళ్లా పడుంటే ఎవరు వింటారమ్మా? కాళ్లమీద పడే పాటలు మా దగ్గర గోడౌన్ నిండా ఉన్నాయి."

ఆల్బంకి పేరు పెట్టేశారు. "పో". నేను పెట్టుకున్న పేరు మూడు లైన్లుండేది. చదువుతుంటే మేడమ్ ఆవలించింది.

కు పెట్టకపోతే సంతకం పెట్టనన్నాను. చెక్కుడు అబ్బ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నా వైపు చూసి నవ్వింది. సంతకం ఎప్పుడో పెట్టేశానట. నిజమే, పెట్టేశాను. ఆ రోజు కేకు కూడా తిన్నాను.

వచ్చేస్తూ మెట్ల దగ్గర గోడకి తల ఆనించాను. గోడకి ఎవరిదో చూయింగ్ గమ్. జుట్టుకి అంటుకుంది. అక్క ఐసుముక్క పెట్టి ఓపిగ్గా తీసింది. "ఎవరితో గొడవ పడ్డావే?" అంది. ఎవరితో లేదన్నాను.

మార్చి 2

అక్కకి పాట వినిపించాను. వినిపించక తప్పదు, ఎల్లుండి ఈ ఒక్క పాట ముందుగా వదులుతున్నారు, అందరూ వింటారు.

వంటింట్లో కప్పులు కడుగుతోంది. ఫోను కిటికీలో పెట్టి మీట నొక్కాను. అక్క నీళ్లు కట్టేసింది. తల కాస్త పక్కకి వంచి వింది. షాపులో ఎవరికైనా ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగేటప్పుడు అలాగే వంచుతుంది.

పాట అయిపోయింది. "గొంతు బాగుంది" అంది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

గుర్తుపట్టలేదు. అక్కకి పాటలు ఎక్కవు. ఆవిడకి తెలిసిందల్లా దగ్గర చూపు, దూరం చూపు. హాయిగా ఉంది నాకు.

హాయిగా లేదు కూడా. గుర్తుపట్టనంత చెడగొట్టారు కదా అని ఒళ్లు మండిపోతోంది.

మార్చి 10

ఎక్కడ చూసినా అదే. బస్సులో, మందుల షాపులో, బ్యాంకు లిఫ్టులో. పక్కింటి పిల్ల వాళ్ల కుక్కని "పో" అని పాడి తరుముతోంది. బట్టల కొట్టులో ఛాతీ మీద "పో" అని ముద్రించిన బనీన్లు. ఒక ముసలాయన వేసుకుని పాల కోసం వెళ్తున్నాడు.

నన్ను ఎవరో రేడియోవాళ్లు పిలిచి "మీ ధైర్యానికి మూలం ఏమిటి?" అని అడిగారు. డ్రమ్ము దెబ్బ అని చెబుదామనుకున్నాను. "స్త్రీ లోపల ఒక అగ్ని ఉంటుంది" అన్నాను. ఇంటికొచ్చి నోరు పుక్కిలించాను.

మార్చి 14

బావ కనిపించాడు. కనిపించడం కాదు, స్టూడియో ఎదురుగా టీ బండి దగ్గర కాపు కాశాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. జీవితమంతా మనుషుల్ని పైకీ కిందకీ చేరవేసి తాను మాత్రం పక్కకి తప్పుకున్న మనిషి. చొక్కాకి రెండో గుండీ లేదు. కొత్తావిడకి సూదీదారం రాదనుకుంటాను.

"పెద్దదానివైపోయావు" అన్నాడు.

"పనేంటో చెప్పండి బావా."

"బ్యాంకు లిఫ్టు చూట్టానికి వెళ్లాను. లోపల నీ పాట. బయటికొస్తే మావాళ్లు పకపకా నవ్వుతున్నారు. మీ ఆవిడ గెంటేసిందటగా, గుండీ కుట్టిచ్చి మరీ గెంటిందటగా అని. ఎవరే నన్ను గెంటింది? పోవద్దని మీ అక్క ఎంత బతిమాలిందో నాకు తెలుసు. చొక్కా పట్టుకుని బతిమాలింది."

"అది పాట బావా. ఎవరి గురించీ కాదు."

"గుండీ, చెప్పులు, వాన. ఎవరి గురించీ కాదా? ఇంట్లో ముగ్గురమే ఉన్నాం కదే." నా వైపు వంగాడు. టీ వాసన, కింద వేరే ఏదో పుల్లటి వాసన. "కళాకారిణివి. ఉన్నది ఉన్నట్టు పాడాలి కదా!"

నేను టీ డబ్బులు ఆయన చేతనే ఇప్పించి వచ్చేశాను.

ఉన్నది ఉన్నట్టు పాడాలి కదా. ఆ మాట నాది. చెక్కుడితో నేనే అన్నాను, అచ్చం అలాగే. ఎవరో నమిలేసిన గమ్ తీసి నా నోట్లో పెట్టినట్టుంది. ఇంతమందిలో ఆ కు మళ్లీ కావాలని అడిగినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆయనా.

మార్చి 15

ఆయనకి కావాల్సిన కారణం వేరు. నాది వేరు.

మార్చి 16

వేరే.

మార్చి 18

ఇరవై రెండున ఆల్బం విడుదల, హాల్లో కచేరీ. ఆలోచించాను. రికార్డులో చెక్కుడు కత్తెర ఉంది. వేదిక మీద గొంతు నాది, కత్తెర ఉండదు. పోకు అని పాడతాను. ఒక్కొక్క కు స్పష్టంగా, డ్రమ్ము మీద ఎక్కి కూర్చునేలా. డ్రమ్మర్‌కి చెబితే "నా దెబ్బ నేను కొడతా, మీ కు మీరు పాడుకోండి" అన్నాడు. అబ్బ మేడమ్ ముందు వరసలో ఉంటుంది. ఆవిడ "అబ్బ" గొంతులోనే ఇరుక్కోవాలి.

ముందు వరసలో అక్క కూడా ఉంటుంది. షాపులోవాళ్లని తీసుకొస్తానంది, నలుగురికి పాసులు అడిగింది.

అక్కకి అర్థం కాదు. అర్థమైనా, తాను అన్న మాటే కదా. నేను కల్పించింది ఏముంది?

మార్చి 22, పొద్దున

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కచేరీకి వేసుకునే కోటు తీస్తే పై గుండీ వేలాడుతోంది. అక్క లాక్కుంది. "ఇలా ఇవ్వు, కుట్టిస్తా" అంది. అనేసి, ఆ మాట తానే విని, ఒక్క క్షణం ఆగింది. నేను కిటికీ బయటికి చూశాను. అక్క సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది.

"షాపులో అందరికీ తెలుసు బావ వెళ్లిపోయాడని" అంది, తల ఎత్తకుండా. "ఎలా వెళ్లాడో తెలీదు. అందరూ అదోలా జాలి పడేవాళ్లు. నా టిఫిన్ డబ్బా కూడా వాళ్లే కడిగేసేవాళ్లు, నాకేదో జబ్బు చేసినట్టు. చీదరేసేది నాకు. ఈ పాట వచ్చాక చూడాలి. నేనే పొమ్మన్నాననుకుంటున్నారు. నిన్న మా మేనేజరు లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. అనుకోనీలే అని ఊరుకున్నా."

"అక్కా, అది ఊరికే డమ్మీ..."

"నాకు తెలుసు లేవే."

"ఏం తెలుసు?"

"ఆ రోజు నీ హెడ్‌ఫోన్స్ వైరు నేల మీద పడి ఉంది. దేనికీ తగిలించలేదు. ఆయన మెట్లు దిగిపోయాక వెనక్కి తిరిగితే అదే కనపడింది నాకు. నువ్వు గిటారు వాయిస్తున్నట్టు వేళ్లు ఆడిస్తున్నావు, చప్పుడు లేకుండా."

నా చెవులు వేడెక్కాయి. అన్ని రోజులు, ఒకే ఇంట్లో, ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

"పాట పెట్టగానే గుండె ఆగినంత పనైంది" అంది అక్క. "చెప్పులు విప్పు అనగానే తెలిసిపోయింది. అయిపోయింది, ఇక పోకు అంటుంది, నా బతుకు వీధిన పడింది అనుకున్నా. నువ్వు పో అన్నావు. మళ్లీ పో అన్నావు. ప్రతిచోటా ఆ ఒక్క అక్షరం తీసేశావు." దారం పళ్లతో కొరికింది. "నా కోసం తీశావని తెలిసింది. అప్పుడు చెప్పలేకపోయా. చెబితే ఏడుపొస్తుందని కప్పు కడిగా. నలుగురిలో నా పరువు నిలబెట్టావే. సొంత పాట చెడగొట్టుకుని మరీ."

చెప్పాలి. నేను తీయలేదు, గుడ్లు తినేవాడొకడు డ్రమ్ము కోసం తీశాడు. నేను వెనక్కి పెట్టమని పోట్లాడాను. ఈ సాయంత్రం నీ షాపువాళ్ల ముందే పెట్టబోతున్నాను. మూడు ముక్కలు. నోరు తెరిచాను.

"ఆఁ, నీ కోసమే" అన్నాను.

అక్క నా చెంప మీద చేయి వేసింది. చెయ్యి సబ్బు వాసన. నా కంపు ఆవిడకి అంటుతుందేమోనని వెనక్కి జరిగాను.

గుండీ గట్టిగా కుట్టింది.

మార్చి 23

హాలు నిండింది. బనీన్లు, ఈలలు, చెమట. గోడలు కూడా చెమటోడుస్తున్నాయి. ఎనిమిది పాటలు పాడాను, ఎవరూ వినలేదు. తొమ్మిదోదాని కోసం కూర్చున్నారు.

ముందు వరసలో అబ్బ మేడమ్. పక్క సీట్లో చెక్కుడు, ఏదో నములుతూ. ఇటు చివర అక్క, షాపులోవాళ్ల మధ్య. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చెప్పులు విప్పు, కాసేపు కూర్చో.

వెయ్యి నోళ్లు "పో" అన్నాయి. నేనూ అన్నాను. నాలుక వెనక కు తయారుగానే ఉంది, నాలుగు రోజులు దాన్నే సాధన చేశాను. నోరు మూసేశాను. అది అక్కడే ఉండిపోయింది, కక్కలేను, మింగలేను. దాని చోట డ్రమ్ము దెబ్బ పడింది. శుభ్రంగా కూర్చుంది. చెక్కుడు సరిగ్గానే చెప్పాడు, అది నాకింకా రోతగా ఉంది.

గుండీ దగ్గర మళ్లీ పో. వాన దగ్గర మళ్లీ పో. అక్క షాపు మేనేజరు లేచి నిలబడి పిడికిలి ఎత్తి "పో" అంటున్నాడు. అక్కని భుజం తట్టి లేవమంటున్నారు. అక్క నవ్వుతూ లేచింది. అందరితోపాటు తానూ "పో" అంది.

దీపాల వెలుగులో ముందు వరస నాకు బాగా కనిపిస్తుంది. అందరి నోళ్లూ మూతపడ్డాక, డ్రమ్ము దెబ్బ కింద, అక్క పెదవులు ప్రతిసారీ ఇంకొక్కసారి కదిలాయి. హాలు మొత్తంలో ఆ కు పలికింది తనొక్కతే.